గాలికి తగిన తెరచాప

“గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకొనవలెను” అని మన సామెత. ఇది కళ్లములో పుట్టిన మాట. రైతునకు గాలి వచ్చుటయే భాగ్యము. వచ్చిన గాలినంతయు వాడుకొనుటయే నేర్పు. కడలిమీద బ్రతుకు వారికి ఈ సామెత సగమే పనికివచ్చును. గాలి లేనిదే వారి ఓడ కదలదు. గాలి మితిమీరినచో ఆ గాలియే ఓడను ముంచును. కావున వీచు గాలిలో ఎంత పుచ్చుకొనవలెనో, ఎంత విడిచిపెట్టవలెనో ఎరుగుట నావికుని విద్యలో మొదటి పాఠము.

ఓడలు ఏ రేవులకు పోయినవో, ఏ సరకులు తెచ్చినవో చరిత్ర గ్రంథములు విస్తారముగా చెప్పును. ఆ ఓడలు దారిలో పెనుగాలిని ఎట్లు తప్పించుకొని బ్రతికినవో చెప్పు పుటలు అరుదు. తెరచాపను విప్పి ఎత్తు చిత్రములను మనము ఎన్నియో చూచియున్నాము. దానిని కుదించు విద్యను గురించి ఆలోచించినది తక్కువ. ఆ విద్య చరిత్రను స్థూలముగా పాఠకుల ముందుంచుట ఈ వ్యాసోద్దేశము. చాపలో కొంత భాగమును మడిచి కట్టి, దాని వైశాల్యమును తగ్గించుటను ఇందు ‘మడుపు వేయుట’ అని వ్యవహరింతును.

ముందుగా దీని అవసరమేమో తెలియవలెను. గాలివేగము రెట్టింపైనచో చాపపై ఒత్తిడి రెట్టింపుతో ఆగక నాలుగింతలగును. వేగము మూడింతలైనచో ఒత్తిడి తొమ్మిదింతలగును. గంటకు పదిమైళ్ల గాలిలో హాయిగా నడచు పడవ, ఇరువది మైళ్ల గాలిలో అదే చాపతో ఒక ప్రక్కకు ఒరిగిపోవును. ఒరిగిన పడవకు వేగము పెరుగదు. చుక్కాని బరువెక్కును, పడవ ముక్కు గాలివైపునకు తిరుగజూచును, నడుపువాని బలమంతయు దానిని నిలుపుటకే వ్యయమగును. అట్టి సమయమున చాపను కుదించినచో పడవ నిటారుగా నిలుచును. పలుమారు మునుపటి వేగముతోనే, ఒక్కొక్కప్పుడు అంతకన్న వేగముగను సాగును. కుదింపు పిరికితనము కాదనుటకు ఈ ఒక్క అనుభవమే చాలును.

పూర్వుల పద్ధతులు

తెరచాప అను మన మాటలోనే చాప ఉన్నది. నూలుగుడ్డకు ముందు తాటాకు, ఈతాకు మొదలైన ఆకుల అల్లికలు చాపలుగా గాలికి నిలిచిన కాలమును ఈ మాట జ్ఞాపకము చేయుచున్నట్లున్నది. రెండవ శతాబ్దమునకు చెందిన శాతవాహనుల సీసపు నాణెములపై, ముఖ్యముగా యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై, రెండు స్తంభముల ఓడ ముద్రితమై యున్నది. స్తంభములను పట్టి నిలిపిన త్రాళ్లను గూడ దిద్దిన ఆ శిల్పి ఓడ నెరిగినవాడే. మహారాష్ట్రములోని అజంతా రెండవ గుహలో మూడు స్తంభముల ఓడ చిత్రము కలదు. దాని చాపలు వెడల్పు తక్కువగా, ఎత్తు ఎక్కువగా నున్నవి. ఒక్క పెద్ద చాపకు బదులు మూడు చాపలుండుటలోనే కుదింపునకు ఒక మార్గమున్నది. గాలి హెచ్చినపుడు ఒకదానిని దించి, తక్కిన వానితో సాగవచ్చును.

అదే యుగమున మధ్యధరా సముద్రమున మరియొక పద్ధతి వాడుకలో నుండెను. చతురస్రపు చాప ముఖముపై చిన్న ఉంగరములను వరుసలుగా కుట్టి, వానిలోనుండి త్రాళ్లను దూర్చి, పై అడ్డకొయ్య మీదుగా క్రిందికి తెచ్చెడివారు. ఓడపై నిలిచి ఆ త్రాళ్లను లాగినచో, కిటికీ తెర పైకి ముడుచుకొనినట్లు చాప ముడుచుకొనును. స్తంభమెక్కవలసిన పని లేదు. సైప్రసు దీవియందలి కైరీనియా సమీపమున బయల్పడిన క్రీస్తుపూర్వపు ఓడలో ఇట్టి సీసపు ఉంగరములు పెక్కు దొరకినవి.

ఈ కథలో భారతదేశమునకును పాలు కలదు. ఎఱ్ఱ సముద్ర తీరమున రోమను వర్తకుల రేవులైన బెరెనికే, మయోస్ హోర్మోస్ అనుచోట్ల త్రవ్వకములలో ఈ ఉంగరములును, చాపగుడ్డ ముక్కలును లభించినవి. ఆ గుడ్డలో కొంత నూలుది. దాని పోగు పేనిన దిశనుబట్టి అది భారతదేశపు నేత అని పరిశోధకులు నిర్ణయించిరి. కట్టు విధానము రోమునది, గుడ్డ మనది. మిరియములకును ముత్యములకును వచ్చిన ఓడలు మన సాలెల చేతిపనిని ఎత్తుకొని, మన ఋతుపవనములతోనే ప్రయాణము సాగించినవన్నమాట.

ఉత్తర యూరపు నావికులు చాపను అడ్డముగా మడిచి కట్టు పద్ధతిని అవలంబించిరి. చాపకు అడ్డముగా ఒక పట్టీ కుట్టి, దానికి వరుసగా చిన్న త్రాళ్లను వ్రేలాడవిడుతురు. గాలి హెచ్చినపుడు ఆ పట్టీ వరకు చాపను మడిచి, ఆ త్రాళ్లతో ముడివేయుదురు. ఇదియే మడుపు. ఆంగ్లమున దీనికి గల ‘రీఫ్’ అను పేరు ప్రాచీన నార్సు భాషలో పక్కటెముక అను అర్థముగల మాటనుండి వచ్చినది. చాపమీద అడ్డపట్టీల వరుసను చూచినవారికి ఆ పోలిక సులభముగా తోచును. మధ్యయుగమున ఈ పద్ధతి కొంతకాలము మరుగుపడి, చాప అడుగున వేరొక గుడ్డపట్టీని కట్టుటయు, గాలి హెచ్చిన దానిని ఊడదీయుటయు వాడుకలోనికి వచ్చెను. పదునేడవ శతాబ్ది మధ్యమునుండి మడుపు మరల తలయెత్తి, పెద్ద ఓడలలో స్థిరపడెను.

అరబ్బు ఓడల ఏటవాలు చాపకు ఈ మడుపు సులభముగా కుదరదు. వారు పెద్దదియు చిన్నదియు వేర్వేరు చాపలుంచుకొని, గాలినిబట్టి మార్చుకొనెడివారు. చీనావారి విధానము మరియొకటి. చాపకు అడ్డముగా వెదురుబద్దలు కట్టియుందురు. ఎత్తిన త్రాటిని కొంత వదలినచో, చాప తన బరువుతోనే ఒక్కొక్క మడతగా క్రిందికి కూర్చుండును. ముడులు వేయు పనియే లేదు. ముడుచుట, మడిచి కట్టుట, మార్చుట, దించి మడతపడనిచ్చుట అను ఈ నాలుగు విధములలోనే ప్రపంచ నావికుల కుదింపు విద్య దాదాపు ఇమిడియున్నది.

తూర్పుతీరపు పాఠము

ఈ విద్య తప్పినపుడు ఏమగునో మన తూర్పుతీరము బాగుగా ఎరుగును. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో ఒక అభయశాసనము వేయించెను. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు, పెనుగాలికి చిక్కి, పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలాత్కారముగా హరించుచుండిరనియు, తాము దయతో ఆ ఆచారమును విడిచి, నియతమైన సుంకము మాత్రమే గ్రహింతుమనియు అందు ప్రకటించెను. వర్తకుని సంపద ప్రాణముతో సమానమని తలచిన రాజనీతి అది. ఓడ పగిలిన తరువాత ఆదుకొనుటకు రాజశాసనము కావలెను. ఓడ పగులకుండుటకు, తగిన వేళకు చాప కుదించు నావికుడు కావలెను. మోటుపల్లికి పేరు రెండింటివలనను వచ్చినది.

గోదావరి ముఖమున యానాము చెంతనున్న కోరంగి పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దములలో ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి చెందినది. ఇచ్చటి ఓడలు బంగాళాఖాతమును దాటి బర్మా రేవులకు పోవుచుండెను. బర్మాలో తెలుగువారికి, తరువాత సామాన్యముగా భారతీయులకును, ‘కోరంగీ’లను పేరు ఈ రేవువలననే ఏర్పడినది. అట్టి రేవును 1789 డిసెంబరులో ఒక ఉప్పెనయు, 1839 నవంబరులో మరియొక ఉప్పెనయు ముంచివేసినవి. అట్టి గాలిలో ఏ మడుపును రక్షింపజాలదు. గాలి అంతవరకు పెరుగకముందే దాని రాకను గుర్తించి తొలగిపోవుట ఒక్కటే మార్గము. కలకత్తాలో ఇట్టి తుపానులను పరిశీలించుచుండిన హెన్రీ పిడింగ్టను, సుడి తిరుగు ఈ గాలులకు ‘సైక్లోను’ అని పేరు పెట్టి, 1848లో నావికుల కొరకు గ్రంథము ప్రకటించెను. నేడు ప్రపంచమంతట వాడబడు ఆ మాట బంగాళాఖాతపు దుఃఖమునుండి పుట్టినది.

గాలిని కొలుచుటకు గూడ ఒకప్పుడు మడుపే కొలబద్ద. బ్రిటిషు నౌకాదళమున అధికారియైన ఫ్రాన్సిస్ బోఫర్టు 1806లో తన దినచర్య పుస్తకమున గాలి తీవ్రతకు అంకెల మెట్లు వ్రాసికొనెను. తరువాత ఒక్కొక్క మెట్టునకు ఒక యుద్ధనౌక ఎంత చాప మోయగలదో చేర్చెను. ఆరవ మెట్టున పైచాపలకు ఒక మడుపు, ఏడవ మెట్టున రెండు, ఎనిమిదవ మెట్టున మూడు, తొమ్మిదవ మెట్టున సాధ్యమైనంత కుదింపు. పండ్రెండవ మెట్టున ఏ గుడ్డయు నిలువదు. 1838లో బ్రిటిషు నౌకాదళము ఈ కొలతను అధికారముగా గ్రహించెను. గాలి వేగమును మైళ్లలో చెప్పుటకు ముందు, ‘ఈ గాలికి ఎన్ని మడుపులు?’ అను ప్రశ్నయే నావికునకు గాలి యొక్క మాపకము.

మనుష్యులు తగ్గిన ఓడ

పెద్ద ఓడలలో మడుపు వేయుట ప్రాణాంతకమైన పని. తుపానులో ఊగు స్తంభమెక్కి, అడ్డకొయ్యపై పొట్టలానించి, తడిసి గట్టిపడిన గుడ్డను వ్రేళ్లతో లాగి కట్టవలెను. పట్టు తప్పినవాడు సముద్రమునకు ఆహుతి. పందొమ్మిదవ శతాబ్దమున జీతగాండ్ర సంఖ్యను తగ్గింపదలచిన ఓడల యజమానులకును, ప్రాణములు దక్కించుకొనదలచిన నావికులకును ఒకే కోరిక కలిగెను: స్తంభమెక్కకుండ చాప కుదియవలెను. 1850లో హెన్రీ కన్నింగుహాము అను ఆంగ్లేయుడు అడ్డకొయ్యయే తిరిగి చాపను చుట్టుకొను ఏర్పాటునకు హక్కు పొందెను. 1854లో అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ హౌస్ పెద్ద పైచాపను రెండుగా విభజించు విధానమునకు హక్కు పొందెను. పై భాగమును దించినచో చాలును, కుదింపు సగము ముగిసినట్లే. ఈ మార్పులతో తక్కువమంది పెద్ద ఓడలను నడుపగలిగిరి. ఆవిరి ఓడలతో మరికొంతకాలము పోటీపడగలిగిరి.

ఆవిరి గెలిచెను. తెరచాప వర్తకమునుండి క్రమముగా తొలగి, చిన్న పడవలలో ఆశ్రయము పొందెను. అచ్చట నడుపువాడు ఒక్కడే. వాని చేతులు రెండే. అందుచేత కుదింపు విద్యకు మరల ప్రాణము వచ్చెను. 1895 నుండి 1898 వరకు ‘స్ప్రే’ అను చిన్న ఓడలో భూమిని ఒంటరిగా చుట్టివచ్చిన జాషువా స్లోకం దక్షిణ సముద్రముల గాలికి ముందుగానే సిద్ధపడెను. బ్యూనస్ ఐరిసు రేవున తన స్తంభమును ఏడు అడుగులు కోయించి పొట్టిచేసెను. ఓడ ముందరి దూలమును గూడ తగ్గించెను. పిమ్మట వెనుకవైపున ఒక చిన్న స్తంభమును చేర్చి, చాపను ముక్కలుగా పంచెను. అతని కీర్తి సాహసమువలన వచ్చినది. అతడు తిరిగివచ్చుట ఈ జాగ్రత్తవలన సాధ్యమైనది.

1960లో జరిగిన మొదటి ఒంటరి అట్లాంటిక్ పందెమున ‘బ్లాండీ’ హాస్లర్ తన ఇరువదియైదడుగుల ‘జెస్టర్’ పడవకు చీనావారి బద్దల చాపను అమర్చెను. లోపలినుండి త్రాడు లాగియే చాపను కుదింపగల్గిన అతడు నలుబదియెనిమిది దినములలో ఆవలి ఒడ్డు చేరి ద్వితీయుడుగా నిలిచెను. వేల సంవత్సరముల తూర్పు నేర్పు నవీన పాశ్చాత్య పందెమున తలయెత్తి నిలిచిన ఘట్టమది.

ట్రైలరుపై పోవు పడవ

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున, కారు వెనుక ట్రైలరుపై కట్టి ఇంటికి తీసికొనిపోగల తెరచాప పడవలు పాశ్చాత్య దేశములలో వ్యాపించినవి. ఇంగ్లండులో జాన్ వాట్కిన్సను 1965లో రూపొందించిన డ్రాస్కోంబ్ లగ్గరు, అమెరికాలో 1969లో వెలువడిన క్యాటలినా 22 అను పడవలు ఇందుకు మేలైన ఉదాహరణములు. మొదటిది పందొమ్మిది అడుగులకు కొంచెము తక్కువ, రెండవది సుమారు ఇరువదిరెండడుగులది. రేవులో స్థలము కొననక్కరలేదు. సామాన్య గృహస్థునకు సముద్రము అందుబాటులోనికి వచ్చెను. అందులోనే అపాయమును ఉన్నది. ఇట్టి పడవ తేలిక. దాని నడుపువాడు వారమునకొకసారి నీటిమీదికి వచ్చువాడు. పెద్ద ఓడ ఓర్చుకొను గాలిని ఇది ఓర్చుకొనదు. కనుక మడుపు విద్య ఇచ్చట మరింత ముఖ్యము.

ఇట్టి పడవలలో పెక్కింటికి స్తంభమునకు వెనుక ఒక త్రికోణపు పెద్ద చాపయు, ముందు ఒక చిన్న చాపయు ఉండును. గాలి కొంచెము హెచ్చినపుడు మొదటి పని చాపను బల్లపరుపుగా బిగించుట. ఎత్తు త్రాటిని బిగింపవలెను. అడుగు దూలము వెంబడి చాప కొనను వెనుకకు లాగవలెను. చాప పొట్ట తగ్గినచో గాలి పట్టు తగ్గును. చాప ముందరి అంచును క్రిందికి లాగి బిగించుటకు అడుగున చిల్లు ఒకటి వాడుదురు. దానికి ‘కన్నింగుహాము’ అనియే పేరు. పైన చెప్పిన హెన్రీ కన్నింగుహాముతో దీనికి సంబంధము లేదు. 1958లో అమెరికా కప్పు పందెమున ‘కొలంబియా’ను నడిపిన బ్రిగ్స్ కన్నింగుహాము పేరిది.

అదియు చాలనపుడు మడుపు వేయవలెను. ముందుగా చాపను పట్టియుంచు త్రాటిని వదలి, గాలి ఒత్తిడిని తొలగింపవలెను. ఎత్తు త్రాటిని గుర్తు వరకు దింపి, చాప ముందరి అంచునందలి లోహపు కన్నును దూలము మొదట కొక్కెమునకు తగిలింపవలెను. ఎత్తు త్రాటిని మరల గట్టిగా బిగించి, అప్పుడు వెనుక అంచునందలి కన్నును త్రాటితో దూలము కొనకు లాగవలెను. నడుమ వ్రేలాడు చిన్న త్రాళ్లను వదులుగా మాత్రమే కట్టవలెను. బరువంతయు రెండు కొనల కన్నులే మోయవలెను. నడుమ త్రాళ్లపై బరువు పడినచో గుడ్డ చిరుగును. పెద్ద చాపను మాత్రమే కుదించి ముందు చాపను పూర్తిగా విడిచినచో పడవ ముక్కు గాలికి దూరముగా తొలగును. ముందుదానిని మాత్రమే కుదించినచో ముక్కు గాలిలోనికి పోవును. రెండింటిని సమతూకముగా తగ్గించిన పడవకే చుక్కాని తేలికగా నుండును. డ్రాస్కోంబ్ పడవకు వెనుక మరియొక చిన్న చాప యుండుటచే, పెనుగాలిలో నడిమి పెద్ద చాపను పూర్తిగా దించి, ముందు వెనుకల రెండు చిన్న చాపలతో నిబ్బరముగా సాగవచ్చును. 1969–70లో డేవిడ్ పైల్ ఒక సహచరునితో ఇట్టి పడవలో ఇంగ్లండునుండి ఆస్ట్రేలియా చేరెను.

ఈ చిన్న పడవలలో గూడ యంత్రములను ప్రయత్నింపక పోలేదు. అడుగు దూలమునే త్రిప్పి చాపను చుట్టు విధానము చాలకాలము వ్యాపించెను. చుట్టిన చాప పొట్ట ఉబ్బుటయు, దూలము కొన క్రిందికి వ్రాలుటయు దానియందలి దోషములు. 1970 తరువాత పడవలవారు పెద్ద చాపకు పాత మడుపునకే మరలిరి. ముందు చాపను మాత్రము దాని ఆధారపు తీగ చుట్టు చుట్టుకొను ఏర్పాటు నిలిచినది. గుడ్డయు మారినది. తడిసి సాగు నూలునకు బదులు, 1941లో విన్‌ఫీల్డు, డిక్సన్ అను ఇద్దరు కనుగొనిన టెరిలీను దారముతో నేసిన గుడ్డ వచ్చినది. వారు పనిచేసిన మాంచెస్టరు సంస్థ పేరులోని ‘క్యాలికో’ అను మాట మన కళ్లికోట నూలుగుడ్డ పేరే. నూలు పోయినది గాని దాని ఊరు పేరు పోలేదు.

అన్ని యుగముల నావికులు ఏకకంఠముగా చెప్పు మాట ఒకటి కలదు. ‘మడుపు వేయవలెనేమో’ అను సందేహము కలిగిన క్షణమే మడుపు వేయవలసిన క్షణము. ఆలస్యమైన కొలది గాలి పెరుగును, పడవ ఊగును, చేతులు వణకును. సులభమైన పనియే అసాధ్యమగును. మరియొకటి కూడ చెప్పుదురు. చాపను కుదింపవలెను గాని ఊరక అంతయు దింపరాదు. చాప లేని పడవకు నడక లేదు. నడక లేని పడవకు చుక్కాని వినదు. కెరటములు దానిని తమకు తోచినట్లు త్రిప్పును. కొంచెము చాప నిలుపుకొనినవాడే తన దారిని తాను నిర్ణయించుకొనగలడు. అన్యభాషల నడుమ నివసించు మన కుటుంబములకు ఈ మాటలోని భావము నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక విన్నపముతో ముగింతును. పూరీ పట్టణపు పెంటకోటలోను, గోపాలపురము తీరమునను తెలుగు మాటలాడు వాడబలిజలు, జాలారులు తరతరములుగా స్థిరపడియున్నారు. ఒడియా ప్రాంతమున వారిని నోలియాలందురు. యానాము, కోరంగి, తాళ్లరేవు ప్రాంతములలో ఓడపని నెరిగిన కుటుంబములు కలవు. తెప్పలపై తెరచాప ఎత్తి, గాలిని చూచి దింపిన తరమువారు నేడు వృద్ధులు. ఫైబరు పడవలును మోటారులును వచ్చిన తరువాత వారి పిల్లలకు చాపతో పని లేకపోయినది. పని పోయిన చోట మాట నిలువదు. ఏ గాలికి ఏ పేరు, ఏ త్రాటికి ఏ పేరు, చాపను తగ్గించు ఒక్కొక్క దశకు ఏ పేరు అను విషయములు ఆ వృద్ధుల నోట మాత్రమే జీవించియున్నవి. ఈ వ్యాసమున ‘ఎత్తు త్రాడు’, ‘అడుగు దూలము’ అని నేను కూర్చిన మాటలకు బదులు, వారి నోటి అసలు మాటలుండదగును. మన సంఘములవారు, అందును ఒడిస్సా, యానాము శాఖలవారు, ఒక నోటు పుస్తకమును కలమును పుచ్చుకొని ఆ పెద్దల వాకిట కూర్చుండి వానిని వ్రాసికొందురుగాక. సందేహము కలిగిన క్షణమే చేయవలసిన పనులలో ఇదియు నొకటి.